స్కాట్లాండ్‌లో పన్ను ఎక్కువ కట్టి మనకి ఒరిగేదేంటి?

లీత్_రాఘవ: ఎడిన్‌బరోలో ఐటీ ఉద్యోగం, జీతం 60,000 పౌండ్లు. 2025-26 లెక్కన ఇదే జీతానికి ఇంగ్లండ్‌లో ఉన్నవాడికన్నా ఏడాదికి దాదాపు 1,780 ఎక్కువ కడుతున్నా. 43,662 దాటిన దగ్గర్నుంచి 50,270 దాకా ప్రతి పౌండులో 42 పెన్నీలు పన్ను, 8 పెన్నీలు నేషనల్ ఇన్సూరెన్స్ (పెన్షన్ లాంటివాటికని జీతంలో కోసేది), అంటే సగానికి సగం హుష్‌కాకి. ఇంగ్లండ్‌లో రెడింగ్‌లో ఉద్యోగం ఆఫర్ ఉంది. ఇక్కడే ఉండమనేవాళ్ళు ఒక్క కారణం చెప్పండి, కొండలు బాగుంటాయని మాత్రం చెప్పకండి.

ఫైఫ్_అత్త: పిల్లల చదువు నాయనా. ఇక్కడ స్థిరపడ్డవాళ్ళ పిల్లలకి యూనివర్సిటీ ఫీజు లేదు, ఇంగ్లండ్‌లో 2025-26లో ఏడాదికి 9,535. మందులూ ఊరికే, అక్కడ ఒక్కోదానికి 9.90. 22 లోపు పిల్లలకి బస్సు ఫ్రీ.

లెక్కల_మాస్టారు: ఆ 1,780 అందరికీ వర్తించదు. పెన్షన్‌కి శాలరీ శాక్రిఫైస్ పెట్టుకుంటే, అంటే జీతంలో కొంత పన్ను పడకముందే పెన్షన్‌కి మళ్ళిస్తే, తగ్గుతుంది.

లీత్_రాఘవ: నేనడిగింది పెన్షన్ గురించి కాదు సార్. అత్తా, ఆ ఫ్రీ సీట్లు ఎన్నుండాలో ప్రభుత్వమే తేలుస్తుంది, మా కొలీగ్ కూతురికి హయ్యర్స్‌లో (ఇక్కడి స్కూలు చివరి పరీక్షల్లో) అన్నీ A గ్రేడ్లే వచ్చినా కోరుకున్న కోర్సు దొరకలేదు. నాకింకా పిల్లల్లేరు, బస్సు ఫ్రీ వయసా ఎప్పుడో దాటిపోయింది.

ఫైఫ్_అత్త: 60 దాటితే బస్సు మళ్ళీ ఫ్రీ. నేను కర్కాల్డీ నుంచి ఎడిన్‌బరో దాకా పైసా లేకుండా వస్తున్నా.

లీత్_రాఘవ: ఇంకో పాతికేళ్ళు ఆగి బస్సెక్కమంటారు. సరే.

డండీ_పిల్ల: డండీలోనే పుట్టి పెరిగా, ఇక్కడే నర్సుని. అన్నా, 2025-26 లెక్కన సుమారు 30,000 లోపు జీతం వాళ్ళకి ఇక్కడ ఇంగ్లండ్ కన్నా పన్ను తక్కువే. ఎక్కువ వచ్చేవాళ్ళు ఎక్కువ కడతారు, అంతే కదా. పన్ను చీటీ పాట కాదు, వేసింది మనకే తిరిగి రావడానికి.

మంచుగడ్డ: ఎంత తక్కువో కూడా చెప్పమ్మా. మహా అయితే ఏడాదికి 28 పౌండ్లు. రెండు బిర్యానీలు.

లెక్కల_మాస్టారు: శాలరీ శాక్రిఫైస్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

లీత్_రాఘవ: తిరిగి రావాలనే అంటున్నా చెల్లెమ్మా, తప్పేంటి? మా ఆవిడకి గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు. నొప్పి వచ్చినప్పుడల్లా రాత్రంతా సోఫాలో ముడుచుకుని కూర్చునేది, పడుకుంటే ఎక్కువవుతుందని. వెయిటింగ్ లిస్టులో ఏడాది పైనే ఉంచి, ఫోన్ చేసినప్పుడల్లా "లిస్టులోనే ఉన్నారు" అనేవాళ్ళు. చివరికి హైదరాబాద్ తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించా. వీసాకి ఒక్కొక్కరికీ ఏడాదికి 1,035 పౌండ్ల హెల్త్ సర్‌చార్జ్ కట్టాం, దానిపైన ఈ పన్ను. మీ హాస్పిటళ్ళకి నేను రెండుసార్లు డబ్బులిచ్చి మూడోసారి అక్కడ బిల్లు కట్టా.

డండీ_పిల్ల: "మీ హాస్పిటళ్ళు" ఏంటన్నా? మొన్న నైట్ డ్యూటీలో బెడ్ ఖాళీ లేక ఒక తాత కారిడార్‌లో ట్రాలీ మీదే తెల్లవార్లూ ఉన్నాడు, గంటగంటకీ బీపీ చూస్తూ ఆయనకి సారీ చెప్పింది నేను. వదినకి అలా జరగడం అన్యాయమే, కాదనను. కానీ సంపాదించేవాళ్ళంతా సామాన్లు సర్దుకుంటే ఆ లిస్టు ఇంకా పెరుగుతుంది. కష్టం రాగానే వెళ్ళిపోతాననడం తేలిక.

లీత్_రాఘవ: తేలికా? నీకిది పుట్టిన ఊరు, నిన్ను ఎవరూ పొమ్మనరు. నాకు ఐదేళ్ళకి ఐఎల్ఆర్ (శాశ్వతంగా ఉండే అనుమతి) అని చెప్పి, ఇప్పుడు పదేళ్ళంటున్నారు. ఉంచుతారో పంపుతారో తేల్చని చోటికి ప్రేమతో ఎక్కువ కట్టమంటే ఎలా కడతాం?

మంచుగడ్డ: అదీ అసలు నొప్పి.

ఫైఫ్_అత్త: వీసా రూల్స్ లండన్‌వి నాయనా. రెడింగ్ వెళ్ళినా అదే పదేళ్ళు. ఎడిన్‌బరో పార్లమెంటయితే నీకు ఓటైనా ఇచ్చింది, వేశావా?

లీత్_రాఘవ: ఇండియన్ పాస్‌పోర్టుంటే కామన్వెల్త్ కింద బ్రిటన్ అంతా ఓటుంది అత్తా, అదేం ఇక్కడి గొప్ప కాదు. వేయలేదు.

డండీ_పిల్ల: నన్ను కూడా బస్టాపులో "నిజంగా ఎక్కణ్ణుంచి" అనే అడుగుతారు. అయినా వీసా సంగతి నాకు తట్టలేదు. పన్ను విషయంలో మాత్రం నా మాట అదే.

లీత్_రాఘవ: నాదీ అదే. ఆదివారం రెడింగ్‌లో ఇల్లు చూడ్డానికి వెళ్తున్నాం.

మంచుగడ్డ: అన్నా, లీత్‌లో మీ ఫ్లాట్ ఖాళీ చేసేటట్టయితే ముందు నాకో మెసేజ్ పెట్టు, మా తమ్ముడు వెతుకుతున్నాడు.