జూలై 26న మా ఊరి జవానును స్మరించుకోవడం సముచితమేనా?

ప్రశ్న (పర్లాకిమిడి సమీప గ్రామం, గజపతి జిల్లా, ఒడిశా)

అందరికీ నమస్కారం. ఈ ఏడాది కార్గిల్ విజయ దివస్ నాడు మా ఉన్నత పాఠశాల ఆవరణలో సంస్మరణ సభ జరపాలని యువజన సంఘం వారు నిర్ణయించారు. మా ఊరి జవాను ఒకరు కొన్నేళ్ల క్రితం సియాచిన్‌లో విధి నిర్వహణలో ఉండగా మంచుచరియలు విరిగిపడి మరణించారు. ఆయన కార్గిల్ యుద్ధంలో పాల్గొనలేదు కనుక ఆ రోజున ఆయన పేరు తలవడం సరికాదని కొందరు పెద్దలు అంటున్నారు. ఆయన పేరిట చేయించిన శిలాఫలకం ఒడియాలో మాత్రమే ఉంది. వాళ్ళ అమ్మగారికి తెలుగు తప్ప మరో లిపి రాదు. ఆవిష్కరణ వరకు ఫలకంపై జాతీయ జెండా కప్పి ఉంచాలని, పాఠశాల జెండాను సగం వరకే ఎగురవేయాలని కూడా అనుకుంటున్నారు. వీటిలో ఏది పద్ధతో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (మాజీ సైనికుడు, బరంపురం)

ఆయన పేరు తప్పకుండా తలవండి. జూలై 26 అనేది 1999లో ఆపరేషన్ విజయ్, అంటే కార్గిల్‌లో మన సైనిక చర్య, ముగిసిన రోజు, ఆ పోరులో మన సైన్యం 527 మందిని కోల్పోయింది, కాబట్టి సభలో మొదటి మాట వారిదే కావాలి. అయితే 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో స్వాతంత్ర్యం తరువాత అన్ని యుద్ధాలలోను, సైనిక చర్యలలోను నేలకొరిగినవారి పేర్లు త్యాగ చక్రం అనే వలయాకార గోడల్లోని గ్రానైట్ ఫలకాలపై ఒక్కచోటే చెక్కి ఉన్నాయి. సియాచిన్‌ను మన అధీనంలోకి తెచ్చేందుకు 1984 ఏప్రిల్‌లో మొదలైన ఆపరేషన్ మేఘదూత్ నుంచి సియాచిన్‌లో శత్రువు తూటాలకంటే మంచు, చలి, ఎత్తు తీసిన ప్రాణాలే ఎక్కువ. అక్కడ కాపలా కాస్తూ పోయినవాడు యుద్ధంలో పోలేదనడం అన్యాయం.

జెండా విషయంలో మాత్రం జాగ్రత్త వహించాలి. విగ్రహానికైనా, స్మారకానికైనా జాతీయ జెండాను ముసుగుగా వాడకూడదని ఫ్లాగ్ కోడ్ (జాతీయ జెండా నియమావళి) స్పష్టంగా చెబుతోంది. ఫలకానికి శుభ్రమైన తెల్లని గుడ్డ కప్పి, జెండాను పక్కన విడిగా ఎగురవేయండి. ప్రభుత్వం సంతాప దినాలు ప్రకటించినప్పుడే జెండాను అవనతం చేస్తారు, మనంతట మనం చేయరాదు, కాబట్టి పూర్తి ఎత్తునే ఎగురవేయండి. బ్యూగిల్ ఊదేవారు లేరని దిగులు పడనక్కరలేదు. పుష్పగుచ్ఛం ఉంచి, రెండు నిమిషాలు అందరూ కదలకుండా మౌనంగా నిలబడితే చాలు.

జవాబు (ఉపాధ్యాయిని, గుణుపురం)

పై పెద్దాయన చెప్పినవన్నీ సరైనవే. కానీ నా మనసంతా ఆ అమ్మగారి మీదే ఉంది. ఇటువంటి సభలలో తల్లిని వేదికపై కూర్చోబెట్టి, శాలువా కప్పి, ఫొటోలు తీసి, ఆపైన గంటసేపు నాయకుల ఉపన్యాసాలు వినిపించడం నేను చూశాను. ముందుగా ఆమె ఇంటికి వెళ్ళి, ఎలా జరిపితే ఆమెకు సమ్మతమో అడగండి. మాట్లాడమని బలవంతం చేయకండి. తొలి పుష్పగుచ్ఛం ఆమె చేతనే ఉంచనివ్వండి, అతిథుల వంతు ఆ తరువాతే.

ఫలకం మీద ఒడియాతో పాటు తెలుగు అక్షరాలూ చెక్కించండి. మన ప్రాంతంలో ఒకే మనిషి ఇంటిపేరు రేషన్ కార్డులో ఒక రకంగా, బడి రికార్డులో మరో రకంగా ఉంటుంది. చెక్కేవారికి చెప్పే ముందు పింఛను పత్రాలలో ఉన్న పేరు, హోదా, రెజిమెంటు చూసి, తల్లిగారికి చదివి వినిపించి సరిచూసుకోండి.

పిల్లలకు మేజర్ పద్మపాణి ఆచార్య గురించి చెప్పండి. ఒడిశా మూలాలున్న కుటుంబంలో జన్మించి హైదరాబాదులో స్థిరపడిన ఆయన, 1999 జూన్ 28న ద్రాస్ ప్రాంతంలోని లోన్ హిల్ వద్ద వీరమరణం పొందగా, మరణానంతరం మహావీర చక్ర ప్రదానం చేశారు. పోరుకు కొద్ది రోజుల ముందు తండ్రికి రాసిన ఉత్తరంలో, గర్భవతిగా ఉన్న తన భార్యకు రోజుకొక మహాభారత కథ చెప్పమని ఆయన కోరారు. దీనిని మా తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు అడిగినన్ని ప్రశ్నలు మరే పాఠానికీ అడగలేదు.

ప్రశ్న వేసినవారు

అమ్మగారిని ఈ రోజే కలిశాను. తెలుగులో పేరు చెక్కిస్తామంటే సంతోషించారు. ఉపన్యాసాలు రెండు చాలునని సంఘం వారూ ఒప్పుకున్నారు. మరొక సందేహం: నక్సలైట్ల కాల్పులలో మరణించిన పోలీసుల పేర్లు కూడా అదే సభలో చదవవచ్చునా?

జవాబు (సిరోంచ, గడ్చిరోలి జిల్లా)

మా జిల్లాలో అటువంటి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కనుక ఈ మాట చెప్పే చనువు తీసుకుంటున్నాను. వారి పేర్లు చదవడం తప్పు కాదు, కానీ జాబితా చివర హడావుడిగా చదివి ముగించకండి. వారికంటూ అక్టోబరు 21 ఉంది. 1959లో లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా సైనికుల కాల్పులలో మరణించిన పదిమంది పోలీసుల స్మృతిలో ఆ రోజును దేశమంతా పాటిస్తారు. ఆ నాడు విడిగా పిలిచి గౌరవిస్తే ఆ కుటుంబాలకు ఎక్కువ తృప్తి కలుగుతుంది.

1949 నుంచి ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం జరుగుతోంది. ఆ నిధి మాజీ సైనికుల, అమరుల కుటుంబాల సంక్షేమానికి వెళుతుంది. సభలో పోగైన డబ్బును జిల్లా సైనిక బోర్డు ద్వారా పంపించి, రసీదు తీసుకోండి. అమ్మగారికి రావలసిన పింఛనులో గానీ, ఇతర సహాయంలో గానీ ఏదైనా ఆగి ఉంటే అక్కడే అడగవచ్చు. ఆమె వెంట సంఘంలోని చదువుకున్నవారెవరైనా వెళ్ళడం మంచిది. జూలైలో వాన తప్పదు కనుక పెద్దవారికి కుర్చీలు వరండాలోనే వేయించండి.