అప్‌డేట్: పక్కింటి వైపు ఒరిగిన రిటైనింగ్ గోడ (ఒంగోలు)

తుపాను వానలకు మా స్థలం అంచున మెరక మట్టిని ఆపే రిటైనింగ్ గోడ పక్కింటి వైపు ఒరిగిందని, బాగుచేయించే ఖర్చు ఎవరిదని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. వ్యవహారం తేలింది. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు, ముఖ్యంగా ముందు సర్వే చేయించమన్నవారికి.

కొలిస్తే గోడ మొత్తం మా హద్దులోనే ఉంది. ఇల్లు కట్టేటప్పుడు నాన్నగారు నాలుగు అడుగుల మెరక పోయించారు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం (ఇరుగుపొరుగు స్థలాల హక్కుల చట్టం) 7వ సెక్షన్‌లోని ఆసరా హక్కు, అంటే పక్క నేల మన నేలను జారకుండా ఆపే హక్కు, సహజ స్థితిలో ఉన్న నేలకేనని, మేము పోసిన మట్టిని మేమే ఆపుకోవాలని వకీలు గారు చెప్పారు. కష్టంగా అనిపించినా న్యాయమే.

అసలు కారణం ఇంజినీరు చూపించారు. గోడలో నీరు పోయే రంధ్రం ఒక్కటీ లేదు. నల్లరేగడి తడిసి ఉబ్బింది, వెనక నిలిచిన నీరు కూడా తోడై గోడను నెట్టింది. అందరమూ అనుమానించిన వేపచెట్టుకు సంబంధమే లేదు, వేళ్లు పునాది దాకా రాలేదు. చెట్టును కొట్టించనందుకు ఎంత సంతోషమో!

కొత్త గోడను హద్దుకు అడుగు లోపలికి జరిపి, వెనక కంకర నింపి, నీరు బయటికి పోయేలా గోడలో గొట్టాలు పెట్టించాం. ఆ నీరు పక్కింటి పెరట్లో పడకుండా ఆ అడుగు జాగాలో వీధి కాలువ దాకా సిమెంటు కాలువ తీయించాం. ఇది మరిచిపోతే మళ్లీ తగవే. ఆ ఖర్చంతా మాది. పైనున్న ప్రహరీకి మాత్రం, "మరుగు మా ఇంటికీ కదమ్మా" అంటూ పక్కింటి బాబాయి గారు తామే సగం ఇచ్చారు. ఒప్పందం స్టాంపు కాగితం మీద రాసుకున్నాం.

మొన్నటి వానకు గొట్టాల్లోంచి మట్టినీరు చుక్కలు చుక్కలుగా కారుతుంటే ఆయనే పిలిచి చూపించారు.