పోత బుల్లెట్ సైజు ఎంత ఉండాలి? .30-30 లివర్ యాక్షన్ రైఫిల్‌లో సీసం అంటుకోవడంపై చర్చ

కొత్తపోత:
అందరికీ నమస్కారం. నా .30-30 లివర్ యాక్షన్ రైఫిల్ కోసం 170 గ్రెయిన్ల చదును ముక్కు బుల్లెట్లను నేనే పోసుకుని, అడుగున గ్యాస్ చెక్ (వేడి వాయువు నుంచి కాపాడే చిన్న లోహపు మూత) బిగించి వాడుతున్నాను. లోహం పాత చక్రాలకు తగిలించే తూకపు బిళ్లలది. ఈ కార్ట్రిడ్జ్‌కు గొట్టంలో గాడి కొలత (బుల్లెట్‌ను తిప్పే మెలిక గాడుల అడుగుల మధ్య వ్యాసం) 0.308 అంగుళాలని చదివి, ఒక వెయ్యోవంతు ఎక్కువ ఉంటే చాలనుకుని 0.309 సైజింగ్ డై (బుల్లెట్‌ను కోరిన లావుకు నొక్కే అచ్చు) తెచ్చుకున్నాను. మొదటి ఐదారు బుల్లెట్లు 50 గజాల దూరంలో దగ్గరదగ్గరగా పడుతున్నాయి, పది దాటేసరికి చెదిరిపోతున్నాయి. శుభ్రం చేస్తే బ్రష్‌తో పాటు వెండి పొరల్లాంటి సీసపు రేకులు ఊడివస్తున్నాయి, అవి కూడా ఛాంబర్ (కార్ట్రిడ్జ్ కూర్చునే గది) ముందున్న మొదటి నాలుగు అంగుళాల్లోనే ఉంటున్నాయి. లోహాన్ని ఇంకా గట్టిపరచాలా, లేక సైజు మార్చాలా?

గాడిలెక్క:
సీసం ఎక్కడ అంటుకుందో చూసి చెప్పడం మంచి పని, సగం జవాబు అందులోనే ఉంది. ఛాంబర్ దగ్గరే అంటుకుంటోందంటే సాధారణంగా బుల్లెట్ గాడుల నిండా కూర్చోవడం లేదని, వేడి వాయువు దాని పక్కల నుంచి దూసుకుపోతూ సీసాన్ని కోసి గొట్టం గోడకు పూస్తోందని అర్థం. గొట్టం మూతి దగ్గర అంటుకుంటే మాత్రం కందెన దారిలోనే అయిపోయిందని అనుమానించాలి. 0.308 అన్నది కాగితం మీది కొలత, మీ గొట్టం కొలతను మీరే తీసుకోవాలి. నా .44 మాగ్నమ్ లివర్ రైఫిల్‌కు అందరూ 0.429 అంటారు, కొలిస్తే 0.431 వచ్చింది. పాత .38-55 గొట్టాల్లో ఈ తేడా ఇంకా ఎక్కువ.

పాతగొట్టం:
కొలిచే పద్ధతి గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే తొందరపడితే ఇక్కడే తప్పు కొలత వస్తుంది. రైఫిల్ ఛాంబర్, మ్యాగజైన్ రెండూ ఖాళీగా ఉన్నాయని చూసుకుని, గొట్టాన్ని శుభ్రం చేసి లోపల పలుచగా నూనె పట్టించండి. గొట్టం కన్నా కాస్త లావైన స్వచ్ఛమైన సీసపు ముద్దను మూతి దగ్గర పెట్టి, చెక్క సుత్తితో మెల్లగా లోపలికి దించి, ఇత్తడి రాడ్‌తో నెట్టాలి. విన్‌చెస్టర్ 1894 వంటి వాటిలో వెనుక నుంచి రాడ్ పోదు కాబట్టి మూతి నుంచే నెట్టక తప్పదు. మార్లిన్ 336లో లివర్ స్క్రూ విప్పితే బోల్ట్ వెనక్కి వచ్చేస్తుంది, పని సులువు.

నెట్టేటప్పుడు చేతికి తెలిసేదే అసలు సమాచారం. నా రైఫిల్‌లో ముద్ద ఒకే బిగువుతో కదులుతూ వచ్చి, వెనుక సైట్ కోసం కోసిన గాడి కిందికి రాగానే ఒక్కసారిగా బిగిసి, ఆ చోటు దాటగానే వదులైంది. అలాంటి ఇరుకు ఉంటే అక్కడి దాకా సరిగ్గా ఉన్న బుల్లెట్ కూడా నలిగి, మిగిలిన దారంతా వదులుగానే పోతుంది. కొలవడానికి వెర్నియర్ చాలదు, మైక్రోమీటర్ కావాలి. గాడుల సంఖ్య బేసి అయితే ఎదురెదురు గాడులు ఉండవు కాబట్టి మామూలు మైక్రోమీటర్ తక్కువ చూపిస్తుంది.

గట్టిసీసం:
నాకూ ఇదే ఇబ్బంది ఉండేది. లైనోటైప్ లోహానికి (అచ్చు అక్షరాలకు వాడే గట్టి సీసపు మిశ్రమం) మారాక సీసం అంటుకోవడం పూర్తిగా పోయింది, డై మాత్రం మార్చలేదు. కాబట్టి సైజు ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోలేను.

మెడకొలత:
గట్టిసీసం గారి అనుభవం నిజమే, కానీ కారణం వేరని నా నమ్మకం. చక్రపు బిళ్లల సీసం బ్రినెల్ అనే గట్టిదనపు కొలతలో సుమారు 12 ఉంటుంది, లైనోటైప్ 22 దాకా ఉంటుంది. మామూలు డై సెట్‌లోని ఎక్స్‌పాండర్‌ను (మెడను లోపలి నుంచి వెడల్పు చేసే కడ్డీని) రాగి తొడుగు బుల్లెట్ల కోసం చేస్తారు, అది కార్ట్రిడ్జ్ ఇత్తడి కేసు మెడను 0.306 దగ్గర వదిలేస్తుంది. అంత బిగువైన మెడలోకి మెత్తని సీసాన్ని నొక్కితే కేసే రెండో సైజింగ్ డైలా పనిచేసి బుల్లెట్‌ను సన్నబరుస్తుంది. లైనోటైప్ ఆ బిగువుకు లొంగదు, కనుక మీ డై ఇచ్చిన సైజు అలాగే నిలిచింది. కొత్తపోత గారూ, డై నుంచి వచ్చిన బుల్లెట్‌ను కాదు, కేసులో కూర్చోబెట్టిన బుల్లెట్‌ను తిరిగి ఊడదీసి కొలవండి. గొట్టంలోకి వెళ్లేది ఆ బుల్లెట్ కదా.

కొత్తపోత:
నాలుగు రోజులు పట్టింది, ఆలస్యానికి మన్నించండి. గొట్టం కొలత 0.3085 వచ్చింది, ఇరుకు చోట్లు ఏవీ చేతికి తగలలేదు. పోతగా వచ్చిన బుల్లెట్ 0.311, డై దాటాక 0.309. మందు, ప్రైమర్ లేని ఖాళీ కేసుల్లో ఐదు బుల్లెట్లు కూర్చోబెట్టి ఊడదీశాను. ఐదింటిలోనూ మెడ పట్టిన భాగం 0.307కు అటూ ఇటూగా ఉంది, కందెన గాడులు కూడా నొక్కుకుపోయి కనిపించాయి. గొట్టం కన్నా వెయ్యోవంతు ఎక్కువ ఉందనుకున్నది నిజానికి వెయ్యోవంతున్నర తక్కువ ఉంది. పోత బుల్లెట్లకు చేసిన రెండు మెట్ల ఎక్స్‌పాండర్ తెచ్చుకుంటాను. డైని 0.310కి పెంచుకోవచ్చా?

గాడిలెక్క:
పెంచుకోవచ్చు. సన్నని ఎమెరీ కాగితాన్ని చెక్క పుల్లకు చుట్టి, నూనెతో తిప్పుతూ, పది పన్నెండు చుట్లకొకసారి ఒక బుల్లెట్ దాటించి కొలవండి. ఎక్కువ తీస్తే వెనక్కి తేలేము.

మెడకొలత:
ఒక జాగ్రత్త చెప్పాలి, దీన్ని దాటవేయకండి. బుల్లెట్ లావు పెరిగితే కూర్చిన కార్ట్రిడ్జ్ మెడ కూడా లావెక్కుతుంది. ఛాంబర్ మెడలో అన్ని వైపులా కలిపి కనీసం ఒకటి రెండు వెయ్యోవంతుల సందు ఉండాలి, లేకపోతే మెడ విచ్చుకుని బుల్లెట్‌ను వదలడానికి చోటు ఉండదు, పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. సెరోసేఫ్ అనే, తక్కువ వేడికే కరిగే లోహంతో ఛాంబర్ పోత తీసి కొలవండి. అది చల్లారాక మొదట కుంచించుకుని తరువాత వ్యాకోచిస్తుంది, పోసిన సుమారు గంటకు ఛాంబర్ అసలు కొలతకు వస్తుంది కాబట్టి ఆ సమయంలోనే కొలత తీయాలి.

పాతగొట్టం:
గొట్టపు మ్యాగజైన్ కాబట్టి మరో మాట. మెడ బిగువు తగ్గిస్తే స్ప్రింగ్ ఒత్తిడికి, వెనుతాకిడికి బుల్లెట్ కేసులోకి జారే వీలుంటుంది. బుల్లెట్ మీది క్రింప్ గాడిలోకి కేసు అంచును శ్రద్ధగా మడవండి. ముక్కు చదునుగా ఉంచారు, అదీ అవసరమే, ఎందుకంటే ప్రతి ముక్కూ ముందున్న కార్ట్రిడ్జ్ ప్రైమర్‌ను తాకుతూ ఉంటుంది.

కొత్తపోత:
ఛాంబర్ మెడలో మూడు వెయ్యోవంతుల సందు తేలింది. డైని 0.310కి తెచ్చాను. కొత్త ఎక్స్‌పాండర్‌తో కూర్చోబెట్టి ఊడదీసిన బుల్లెట్ 0.3095 దగ్గర నిలుస్తోంది. లోహం, కందెన, మందు దేన్నీ మార్చకుండా నిన్న ముప్పై కాల్చాను. చివరి ఐదూ మొదటి ఐదింటిలాగే పడ్డాయి, బ్రష్‌కు బూడిద రంగు మసి తప్ప రేకు ఒక్కటీ రాలేదు. మూతి చుట్టూ కందెన నక్షత్రంలా అంటుకుని ఉంది, అంటే అది చివరిదాకా చాలిందన్నమాట, ఇంతకు ముందు అది ఎప్పుడూ కనబడలేదు.

మెడకొలత:
చాలా సంతోషం. వేరే తయారీ కేసులు వాడితే మళ్లీ రెండు ఊడదీసి కొలవండి, కార్ట్రిడ్జ్ మెడ లావు కూడా చూడండి. కేసు గోడ మందం మారితే ఆ రెండు కొలతలూ మారతాయి.