డ్యూప్లెక్స్‌ని తెలుగులో ఏమందాం?

మారతహళ్ళి నుంచి: నెట్‌వర్క్ కార్డు సెట్టింగుల మీద తెలుగులో చిన్న కరదీపిక తయారవుతోంది. స్పీడ్‌కి ‘వేగం’ సరిపోయింది, డ్యూప్లెక్స్ (పంపడం, అందుకోవడం ఒకేసారి జరుగుతాయా, వంతులవారీగానా అని చెప్పే సెట్టింగు) దగ్గర బండి ఆగింది. మన బెంగళూరులో ఆ మాటంటే లోపల మెట్లున్న రెండంతస్తుల ఇల్లే గుర్తొస్తుంది. హాఫ్‌కి ‘అర్ధ ద్విముఖం’, ఫుల్‌కి ‘పూర్ణ ద్విముఖం’ అంటే ఎలా ఉంటుంది?

జయనగర్ నుంచి: ‘అర్ధ’ వద్దండీ. చదివినవాడు వేగం సగమైపోతుందనుకుంటాడు. 100 ఎంబీపీఎస్ (సెకనుకి 100 మెగాబిట్లు) హాఫ్‌లోనూ బిట్లు పరుగెత్తేది 100 మీదే. కాకపోతే ఒకరు పంపుతున్నంతసేపూ రెండోవారు ఆగాలి. ఫుల్‌లో అయితే పోను 100, రాను 100, ఒకేసారి. కాబట్టి హాఫ్‌కి ‘వంతులవారీ’ అనండి. ‘ఏకముఖం’ అని మాత్రం రాయకండి, అది సింప్లెక్స్, ఎప్పుడూ ఒకే దిక్కుకి వెళ్లేది.

యలహంక నుంచి: వంతులవారీ బాగుంది. ఫుల్‌కి ‘జమిలి’ అంటాను. లాటిన్‌లో డ్యూప్లెక్స్ అంటే రెండు మడతలది; మన జమిలీ రెండు పేటలు కలిసినదే. జమిలి ఎన్నికల పుణ్యమా అని ‘ఒకేసారి’ అన్న అర్థం కూడా జనానికి అలవాటైంది. 100 ఎంబీపీఎస్ రాగి కేబుల్లో ఒక జత తీగలు 1, 2 పిన్నుల మీద, ఇంకో జత 3, 6 మీద. ఒకటి పంపడానికి, ఒకటి అందుకోవడానికి. రెండు పేటలూ ఒకేసారి పనిచేస్తే జమిలే కదా!

జయనగర్ నుంచి: గిగాబిట్‌కి (1000 ఎంబీపీఎస్) ఆ పేటల పోలిక చెల్లదు, అక్కడ నాలుగు జతల మీదా రెండు దిక్కులా ఒకేసారి నడుస్తుంది. పైగా రెండు కార్డుల్ని కలిపి ఒకటిగా వాడే టీమింగ్‌ని కూడా ‘జమిలి’ అనుకునే ప్రమాదం ఉంది. ‘జమిలి రాకపోకలు’ అని పూర్తిగా రాస్తే పేచీ ఉండదు.

మారతహళ్ళి నుంచి: మరి వేగం, డ్యూప్లెక్స్ వాటంతటవే ఖాయమయ్యే ఆటో నెగోషియేషన్? ‘స్వయం బేరం’ అని రాసి ఉంచాం.

యలహంక నుంచి: బేరంలో ఒకరు తగ్గుతారు, ఒకరు పెంచుతారు. ఇక్కడ అదేం లేదు. కార్డూ, కేబుల్ అవతలి కొసనున్న నెట్‌వర్క్ స్విచ్చీ (కంప్యూటర్లను కలిపే పెట్టె) తమ తమ తాహతు చెప్పుకుంటాయి, ఇద్దరికీ ఉన్నవాటిలో పెద్దది ఖాయమవుతుంది. ‘తమంతట కుదుర్చుకోవడం’ అనండి.

అసలు తంటా ఒకవైపే నోరు మూసుకున్నప్పుడు వస్తుంది. స్విచ్చిని 100 ఫుల్ అని బిగించి, కార్డుని ఆటోలో వదిలేశారనుకోండి. సిగ్నల్ తీరుని బట్టి కార్డు 100 అని పసిగడుతుంది గానీ, ఫుల్ అని చెప్పే నాథుడు లేక హాఫ్‌కి దిగుతుంది. లింకు దీపం వెలుగుతుంది, పింగ్ (అవతలి యంత్రం పలుకుతుందా అని చూసే చిన్న పరీక్ష) వెళ్తుంది, పెద్ద ఫైలు కాపీ చేస్తేనే నత్తనడక. జమిలి వైపు వినకుండా పంపేస్తుంటే, వంతులవారీ వైపు దాన్ని ఢీ అనుకుని తన ఫ్రేముని (ఒక విడతలో పంపే డేటా మూటని) మధ్యలో తెంపేస్తుంది. అందుకే ఇటు కౌంటర్లో లేట్ కొలిజన్లు (64 బైట్లు దాటాక పడే ఢీలు), అటు సీఆర్‌సీ తప్పులు (అందిన ఫ్రేము చెడిందని సరిచూపులో తేలినవి). కరదీపికలో ‘రెండువైపులా ఆటో, లేదా రెండువైపులా ఒకే బిగింపు’ అని లావు అక్షరాల్లో వేయండి.

జయనగర్ నుంచి: మెనూ పేర్లని మాత్రం అనువదించొద్దు, తెర మీద వెతుక్కోవాలి కదా. విండోస్‌లో డివైస్ మేనేజర్, నెట్‌వర్క్ అడాప్టర్స్, కార్డు మీద కుడి నొక్కు, ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్, అందులో స్పీడ్ అండ్ డ్యూప్లెక్స్. కొన్ని డ్రైవర్లలో పేరు కాస్త మారుతుంది. లినక్స్‌లో ఈత్‌టూల్ అనే కమాండుకి కార్డు పేరిస్తే ప్రస్తుత వేగం, డ్యూప్లెక్స్ రెండూ చూపిస్తుంది. మార్చగానే లింకు కొన్ని సెకన్లు తెగుతుంది. దూరం నుంచి రిమోట్‌లో ఉండి మారిస్తే, తప్పు పడినప్పుడు మళ్లీ లోపలికి వెళ్లే దారే ఉండదు. కొమ్మ మీద కూర్చుని దాన్నే నరుక్కోవడం.

మారతహళ్ళి నుంచి: సరే. పట్టికలో 10, 100, 1000 ఎంబీపీఎస్ వరసలు. ఒక్కోదాని ఎదుట వంతులవారీ, జమిలి గడులు.

యలహంక నుంచి: 1000 ఎదుట వంతులవారీ గడి తీసేయండి. ప్రమాణంలో రాశారు గానీ డ్రైవర్ జాబితాల్లో కనిపించదు. రాగి తీగ మీద గిగాబిట్‌కి కుదుర్చుకోవడం తప్పనిసరి కాబట్టి ఆ వరసలో ‘ఆటో’ ఒక్కటే ఉంచండి.