యాప్ ఇచ్చిన వరసలోనే పార్సిళ్లు ఇవ్వాలా? డెలివరీ చేసేవాళ్లు చెప్పండి

కాలువగట్టు: మాది బెజవాడ, బండి మీద పార్సిళ్లు వేస్తా. ఈ నెల నుంచి హబ్బులో, అంటే మాకు పార్సిళ్లు పంచే గోడౌన్‌లో, కొత్త రూలు పెట్టారు, రన్‌షీట్‌లో, అంటే ఆ రోజు పార్సిళ్ల లిస్టులో, యాప్ ఏ వరస ఇస్తే ఆ వరసలోనే ఇవ్వాలంట, తప్పితే స్కోర్ పడిపోద్ది, స్కోర్ పడితే ఇన్సెంటివ్ కట్. ఏలూరు రోడ్డులో ఒకటి ఇచ్చి రెండోది చూస్తే కాలువ అవతల సత్యనారాయణపురంలో, మూడోది మళ్లీ ఇవతల. మ్యాపులో చూస్తే చెయ్యి చాపితే అందేట్టు ఉంటాయి, వెళ్లాలంటే వంతెన దాకా పోయి తిరిగి రావాలి. ఈ వరస పాటించాలా వద్దా అని నా ప్రశ్న.

లూప్‌లో_ఉన్నా: నేను బెంగళూరులో లాజిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లోనే చేస్తున్నాను. ఈ రోజుల్లో వరస వేసేటప్పుడు మ్యాపులో నేరుగా గీత గీసి దూరం కొలవడం తక్కువండి, ఎక్కువగా రోడ్డు దూరమే లెక్కేస్తారు. 10 ఇళ్లుంటేనే వాటిని వరస పెట్టడానికి 36,28,800 రకాలుంటాయి. మీరు చూసేది ఆ మూడు ఇళ్లు, అది చూసేది మొత్తం.

కాలువగట్టు: మొత్తం ఎంతో నా బండి మీటర్ చెప్తుంది సార్. ఇంకోటి, పొద్దున లోడింగప్పుడు ఒక్కో పార్సిల్ మీద స్కెచ్ పెన్నుతో నంబరేసుకుని, చివరివి అడుగున, మొదటివి పైన సర్దుకుంటాం. మధ్యలో ఒక రిటర్న్ పికప్, అంటే కస్టమర్ వెనక్కిచ్చేది తీసుకునే పని, వచ్చి పడితే యాప్ నంబర్లన్నీ మార్చేస్తుంది. అడుగున పెట్టింది ఇప్పుడు ముందు ఇవ్వాలి. ఎండలో రోడ్డు పక్కన బ్యాగంతా బోర్లించి వెతుక్కోవాలి, ఇది మీ 36 లక్షల్లో ఉందా?

హబ్_టీఎల్: నేను గుంటూరు వైపు ఒక హబ్బు చూస్తాను. వరస వదిలేస్తే ఏమవుద్దో నన్నడగండి. సొంతింటి వైపువి ముందు, డబ్బు తీసుకుని ఇవ్వాల్సిన సీఓడీవి ఆఖరికి, లిఫ్ట్ లేని అపార్ట్‌మెంట్ అయితే డోర్ దాకా వెళ్లకుండానే "కస్టమర్ అందుబాటులో లేరు" అని కొట్టేయడం. తర్వాత ఫోన్లు నాకొస్తాయి. కుర్రాళ్లు ఎప్పుడు మానేస్తారో తెలీదు, నిన్న చేరినవాడు కూడా ఇవాళ బ్యాగ్ ఖాళీ చేయాలి, వాడికి యాప్ తప్ప దిక్కెవరు?

మల్కాజిగిరి_అన్న: మా దిక్కు జంక్షన్లు మూసి యూటర్న్‌లు పెట్టిన్రు, ఆ సంగతి మ్యాప్‌కి ఇంకా తెల్వదు. సక్కగ పో అంటది, ముంగట డివైడర్.

డాలస్_బావ: ఇక్కడ అమెరికాలో యూపీఎస్ అనే పార్సిల్ కంపెనీ వాళ్లు ఎడమ మలుపులు వీలైనంత తగ్గించేలా రూట్ వేస్తారు, ఎదురొచ్చే బళ్ల కోసం ఆగక్కర్లేదు, పెట్రోలు మిగులుద్ది. మన దగ్గర కూడా ఎడమ మలుపులు తగ్గిస్తే సరి.

లూప్‌లో_ఉన్నా: బావగారూ, మనం నడిపేది ఎడమ వైపు. మన దగ్గర తగ్గించాల్సింది కుడి మలుపులు.

డాలస్_బావ: సూత్రం అదే కదండీ.

లూప్‌లో_ఉన్నా: సూత్రం అదే, కానీ మీరు చెప్పినట్టు చేస్తే రివర్స్ అవుద్ది.

కాలువగట్టు: బాబూ, కాలువ దగ్గర కుడీ లేదు ఎడమా లేదు, వంతెన ఉందా లేదా అంతే.

లూప్‌లో_ఉన్నా: సరే, అసలు విషయం చెప్తా. పని రెండు దశల్లో జరుగుద్ది. ముందు ఏ పార్సిళ్లు ఎవరి బ్యాగులోకో విడగొడతారు, ఇది చాలా చోట్ల పిన్‌కోడ్ బట్టో, మ్యాపులో గడులు గీసో చేస్తారు, ఇక్కడ కాలువ కనపడదు. ఆ తర్వాత వరస వేసేటప్పుడు రోడ్డు దూరం. పైగా "రామాలయం ఎదురు సందు, మూడో ఇల్లు" అని అడ్రస్ రాస్తే యాప్ పాయింటు ఎక్కడ పెట్టాలి? ఏరియా మధ్యలో ఎక్కడో గుచ్చుద్ది. కాబట్టి ఇది రూట్ సమస్య కాదు, డేటా సమస్య. తపాలా శాఖ 2025లో డిజిపిన్ అని తెచ్చింది, ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వాళ్ల రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఎన్‌ఆర్‌ఎస్‌సీతో కలిసి చేశారు, దేశమంతా సుమారు 4 మీటర్ల గడులు, ఒక్కో గడికి అంకెలూ అక్షరాలూ కలిపి 10 ఉండే కోడ్. అందరూ అది వాడితే పాయింటు తప్పు పడే గొడవ పోతుంది.

పటమట_ఆంటీ: నా పార్సిల్ ఎప్పుడూ వెనక గేటు దగ్గరికే వస్తుందండీ, ఆ గేటుకి తాళం. అబ్బాయి ఫోన్ చేసి కిందకి రమ్మంటాడు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఏం చేయాలి? దీని గురించి కూడా మాట్లాడండి.

కాలువగట్టు: డేటా సమస్యంట! ఆ డేటా ఇచ్చింది ఎవరు సార్? ఏ గేటుకి తాళం ఉంటుందో, ఏ షాపు మధ్యాహ్నం మూస్తారో, ఏ సందులో రెండో బండి పట్టదో, అన్నీ నాకు తెలుసు. యాప్‌లో "లొకేషన్ సరిచేయండి" అని బటన్ ఉంటే పిచ్చోడిలా ప్రతి ఇంటి ముందూ నిలబడి నొక్కా. నా సందులన్నీ సరిగ్గా పడ్డాయి. పడ్డాక ఏం చేశారు? ఆ బీటు తీసి కొత్త కుర్రాడికి, పార్సిల్‌కి నాకంటే తక్కువ రేటుకి ఇచ్చారు. ఎవరికీ సందులు తెలీని ఏరియాకి నన్ను తోశారు, అక్కడ మళ్లీ ఆ బటన్ నొక్కాలంట.

హబ్_టీఎల్: ఇదీ అసలు సంగతి. అంటే యాప్ బాగుపడకూడదు, నీకు తెలిసింది నీ దగ్గరే ఉండాలి. కాలువ, వంతెన అని ఇంతసేపు మా టైం తినడం దేనికి తమ్ముడూ?

కాలువగట్టు: కాలువ అబద్ధమా? వచ్చి చూసుకోండి. నాకు పార్సిల్‌కి ఇంత అని డబ్బు, కిలోమీటర్‌కి కాదు. యాప్ తప్పు తిప్పితే పెట్రోలు నాది. యాప్ బాగా తిప్పితే మిగిలింది మీది, రేటు తగ్గింది మాత్రం నాకు.

హబ్_టీఎల్: రేటు నేను పెట్టను. నా మీద కూడా స్కోరే ఉంది.

మల్కాజిగిరి_అన్న: గీ మాట మొదలే జెప్తే అయిపోవు గదనే.

లూప్‌లో_ఉన్నా: ఒకటి చెప్పాలి. సాఫ్ట్‌వేర్‌కి "దేన్ని తగ్గించాలి" అని ముందే చెప్తాం. కంపెనీ చెప్పేది టైమ్‌కి అందడం, తక్కువ మంది రైడర్లతో పని అవడం. రైడర్ జేబులోంచి పోసుకునే పెట్రోలు కంపెనీ ఖర్చు కాదు కాబట్టి లెక్కలో ఉండదు, ఉంచమని ఎవరూ అడగరు కూడా. కర్ణాటకలో 2025లో గిగ్ వర్కర్ల, అంటే ఇలా యాప్‌ల కింద పనిచేసేవాళ్ల, చట్టం వచ్చింది, ఇలాంటి ఆటోమేటిక్ సిస్టమ్‌లు ఎలా నడుస్తాయో వర్కర్లకి చెప్పాలని అందులో ఉంది.

హబ్_టీఎల్: చట్టం సరే, రేపు పొద్దున బ్యాగులు ఎవరు తీసుకెళ్తారు? కిలోమీటర్‌కి ఇవ్వమంటే ఊరంతా తిరిగొస్తారు, అది ఎవరు పట్టుకుంటారు?

కాలువగట్టు: మీ యాప్ వేసిన కిలోమీటర్లకే ఇవ్వండి, నేను తిరిగినవాటికి వద్దు. నేను తిరిగింది జీపీఎస్‌లో ఎలాగూ మీకు కనపడుద్ది. అప్పుడు కాలువ అటూ ఇటూ నాలుగుసార్లు దాటమన్నా దాటుతా, వరస తప్పను.

పటమట_ఆంటీ: మరి వెనక గేటు సంగతి ఏమైందండీ?

కాలువగట్టు: మీ ఏరియా ఇప్పుడు నాది కాదు ఆంటీ. కొత్త అబ్బాయికి ముందు గేటు చెప్పండి, బటన్ నొక్కమని మాత్రం చెప్పకండి.