ఎండను ఆపేదీ, యాంటీఆక్సిడెంటూ ఒకే పదార్థం కావచ్చా?

పలాస అమ్మాయి:
మా అమ్మ, పిన్ని జీడి పిక్కలు కొట్టే పనికి వెళ్లేవారు. ఎంత బూడిద రాసుకున్నా తొక్కలోని నూనె తగిలి వేళ్లు నల్లబడిపోయేవి. 2019లో దక్షిణాఫ్రికాలోని విట్స్ యూనివర్సిటీ వాళ్లు ఆ తొక్క నూనె నుంచే యూవీని (ఎండలోని, కంటికి కనిపించని కిరణాలను) పట్టే పదార్థాలు తయారుచేశారని చదివాను. అందులో ఉన్నవి ఫినాల్స్ అనే రసాయనాలే కదా, యాంటీఆక్సిడెంట్ గుణం కూడా ఉంటుంది. మరి సన్‌స్క్రీన్‌లో యూవీని ఆపే ఫిల్టర్ వేరు, యాంటీఆక్సిడెంట్ వేరు ఎందుకు? ఒక్కటి చాలదా?

బొబ్బిలి మాస్టారు:
చాలదమ్మా. ఫిల్టర్ వెలుతురును మింగాలి, వేడిగా వదిలేయాలి, మళ్లీ మొదటి రూపానికి రావాలి. ఇదే పని పొద్దంతా చేయాలి. యాంటీఆక్సిడెంట్ అయితే, కణాలను పాడుచేసే ఫ్రీ రాడికల్‌కు తన హైడ్రోజన్ ఇచ్చేసి తానే మారిపోతుంది. మారాక కూడా యూవీని అంతే పడుతుందా? మిట్టమధ్యాహ్నం గొడుగు బట్ట చిరిగితే ఎలా?

ఫార్మసీ విద్యార్థి, విజయనగరం:
మరి ఫెరులిక్ ఆమ్లం సంగతేంటి మాస్టారూ? మన తవుడులో ఉండేదే. యూవీని కొంత పడుతుంది, యాంటీఆక్సిడెంట్ కూడా. 15 శాతం విటమిన్ సి, 1 శాతం విటమిన్ ఇ ఉన్న ద్రావణంలో దాన్ని అర శాతం కలిపితే చర్మానికి రక్షణ నాలుగు రెట్ల నుంచి సుమారు ఎనిమిది రెట్లకు పెరిగిందని 2005లో ప్రచురించారు.

బొబ్బిలి మాస్టారు:
నువ్వు చెప్పింది నా మాటే బాబూ. మూడు కలిస్తే వచ్చిన ఫలితం అది!

మందుల షాపు బాబాయ్:
నా గొడవ వేరే. సన్‌స్క్రీన్ డబ్బా మీద ఉండే ఎస్‌పీఎఫ్ అంకెను చర్మం ఎర్రబడటాన్ని చూసి లెక్కగడతారు. (అదీ చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు పూసి. అంత ఎవడు పూస్తాడు?) వాపు తగ్గించే గుణం ఉన్న పదార్థం కలిపితే ఎరుపు ఆలస్యంగా వస్తుంది, అంకె పెరుగుతుంది. కిరణాలు మాత్రం లోపలికి దిగుతూనే ఉంటాయి. కొనేవాడికి రక్షణ ఎక్కువని చెప్పి ఎరుపును దాచిపెట్టినట్టే కదా? రెండు గుణాలూ ఒకే పదార్థంలో ఉంటే ఏది ఎంత పనిచేసిందో విడదీయడం ఇంకా కష్టం.

ఫార్మసీ విద్యార్థి, విజయనగరం:
ఇది ఒప్పుకుంటాను బాబాయ్. యూవీని ఎంత ఆపుతోందో పలక మీద పూసి పరికరంతో కొలవాలి, యాంటీఆక్సిడెంట్ పని విడిగా చూడాలి. మా ల్యాబ్‌లో యాంటీఆక్సిడెంట్ గుణాన్ని పరీక్షించే డీపీపీహెచ్ అనే రసాయనం ఊదా రంగు పోయి పసుపు తేలగానే సంబరపడతాం. గాజు గొట్టంలో రంగు మారితే చర్మం మీదా పనిచేసినట్టు కాదు. అయినా ఒకే పదార్థం కోసం వెతకడం ఆపాలంటే మాత్రం ఒప్పుకోను.

మందుల షాపు బాబాయ్:
వెతకండి. కానీ ఇది చదివి ఎవరూ పచ్చి తొక్క నూనె ముఖానికి రాసుకోకండి, బొబ్బలెక్కుతాయి.

పలాస అమ్మాయి:
మా పిన్నికి చదివి వినిపించాను. "మొహం సంగతి తర్వాత, ముందు చేతులకేదైనా కనిపెట్టమను" అంది.