అప్‌డేట్: చెయ్యెత్తడం మర్చిపోయిన ఆ ఫ్రీ కిక్ సంగతి

మొన్న నేను అడిగింది ఇదీ: ఫుట్‌బాల్ మ్యాచ్‌లో రెఫరీగా, ప్రమాదకరంగా ఆడినందుకు ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్ (ఇంకో ఆటగాడికి తగిలాకే గోల్ లెక్కకొచ్చే కిక్) ఇచ్చాను, కంగారులో దాని సిగ్నల్‌గా చెయ్యి పైకెత్తలేదు. బంతి ఎవరికీ తగలకుండా నేరుగా గోల్‌లో పడింది. నేను గోల్ కిక్ (బంతి డిఫెండింగ్ జట్టుకి) ఇస్తే కొట్టిన జట్టు మీదపడింది. ఎవరిది కరెక్ట్?

ఇద్దరిదీ కాదు! ఫ్రీ కిక్‌ల గురించిన 13వ నిబంధన ఈసారి నిదానంగా చదివాను. రెఫరీ సిగ్నల్ ఇవ్వకపోతే, బంతి నేరుగా గోల్‌లోకి వెళ్తే, ఆ కిక్ మళ్లీ కొట్టించాలి. చెయ్యెత్తి ఉంటే నా గోల్ కిక్ నిర్ణయం సరైనదే. అంటే తప్పు నాది, శిక్ష మాత్రం వాళ్లకి పడింది. వాళ్ల కెప్టెన్‌కి సారీ చెప్పాను, నవ్వేశాడు.

నిన్న మళ్లీ అదే పరీక్ష. సహచరుడు కావాలని కాలితో ఇచ్చిన పాస్‌ని గోల్‌కీపర్ చేత్తో పట్టేశాడు, గోల్‌కి ఏడెనిమిది మీటర్ల దూరంలో. దానికీ ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్కే. బంతికి ఉండాల్సిన 9.15 మీటర్ల దూరం వెనక్కి జరగడానికి చోటు లేదు కాబట్టి డిఫెండర్లంతా పోస్టుల మధ్య గోల్ లైన్ మీదే నిలబడ్డారు. అలా నిలబడొచ్చు. వాళ్లు సర్దుకునేసరికి నా భుజం లాగేసిందనుకోండి, అయినా చెయ్యి దించలేదు. కొట్టిన బంతి ఒక డిఫెండర్ మోకాలికి రాసుకుంటూ లోపలికి పోయింది. తగిలింది కాబట్టి గోల్ ఇచ్చాను. ఈసారి ఎవరూ నోరెత్తలేదు.